కారు మూడున్నర లక్షలు, దాని జాగా మూడు లక్షలా?

సమస్య



చిక్కడపల్లిలో పాతికేళ్ల నాటి అపార్ట్‌మెంట్ మాది. పన్నెండు ఫ్లాట్లు, కింద స్టిల్ట్‌లో ఆరు కార్లకే చోటు. పార్కింగ్ లేని ఫ్లాట్ కాబట్టే అప్పట్లో మా బడ్జెట్‌లో దొరికింది. అప్పుడు మాకు కారూ లేదు, ఆ అవసరమూ లేదు. నేను స్కూల్లో టీచర్ని. మా వారిది ప్రైవేటు ఉద్యోగం.

మామయ్యగారికి కిడ్నీలు పాడై, వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించాల్సి వస్తోంది. మొదట్లో ఆటోలో, క్యాబ్‌లో తీసుకెళ్లేవాళ్లం. డయాలసిస్ అయ్యాక ఆయనకి బీపీ పడిపోయి నిలబడలేరు. బుక్ చేసిన క్యాబ్ కాన్సిల్ అయితే ఆస్పత్రి మెట్ల మీదే కూర్చోబెట్టాల్సి వచ్చేది. అందుకే మూడున్నర లక్షలు పెట్టి సెకండ్ హ్యాండ్ చిన్న కారు కొన్నాం. అప్పటి నుంచి అది ఎక్కడ పెట్టాలన్నదే రోజూ గొడవ.

సందులో ఎదురింటి గోడ పక్కన పెడుతున్నాం. వాళ్లు ఇంటి ముందు పూలకుండీలు వరసగా పెట్టి, 'నో పార్కింగ్' అని బోర్డు తగిలించారు. ఒకరోజు పొద్దున చూస్తే డ్రైవరు వైపు డోరు మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గీత ఉంది. ఎవరు గీశారో తెలియదు. నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడల్లా మా వారు నిద్రలోంచి లేచి వెళ్లి కారు తీయాలి.

ఇప్పుడు మా ముందు రెండు దారులున్నాయి. మూడో అంతస్తు పెద్దాయనకి స్టిల్ట్‌లో స్లాట్ ఉంది కానీ కారు అమ్మేశారు. పిల్లలు అమెరికాలో ఉన్నారు. మూడు లక్షలిస్తే ఆ స్లాట్ మాకు స్టాంపు పేపరు మీద రాసిచ్చి, నోటరీ చేయిస్తానంటున్నారు. రెండోది, వెనక వీధిలో ప్రహరీ ఉన్న ఖాళీ స్థలం. అక్కడ రేకుల షెడ్డు కింద కార్లు పెట్టుకోనిస్తున్నారు. నెలకి 2,500.

మా వారు రెండింటికీ ఒప్పుకోవడం లేదు. 'కారు కొన్నదే మూడున్నర లక్షలకి, దాని జాగాకి మూడు లక్షలా? ఊరంతా రోడ్డు మీదే పెట్టుకుంటోంది, మనకేం వచ్చింది?' అంటారు. మామయ్యగారేమో 'నా వల్లే కదమ్మా మీకీ గొడవలు' అని బాధపడుతున్నారు. పార్కింగ్‌కి డబ్బు పెట్టడం దండగా? పెడితే ఏది మంచిది?

– ఓ సోదరి, హైదరాబాద్

సలహా

చెల్లెమ్మా,

ముందుగా సూటిగా చెప్తాను. మీ ఇంటి పరిస్థితికి పార్కింగ్‌కి నెల నెలా అద్దె కట్టడం దండగ కాదు. మూడు లక్షలు మాత్రం ఆ నోటరీ కాగితం మీద ఇవ్వకండి.

మీ వారిని పిసినారి అనుకోవద్దు. ఆయన అడిగింది సరైన ప్రశ్నే. అందుకే లెక్కతోనే మొదలుపెడదాం. మూడు లక్షలు బ్యాంకులో వేసి, ఏడు శాతం వడ్డీ వస్తుందనుకుంటే ఏడాదికి 21,000. వెనక వీధి షెడ్డుకి నెలకి 2,500 అంటే ఏడాదికి 30,000. ఈ లెక్క చూస్తే స్లాట్ కొనుక్కోవడమే చవక అనిపిస్తుంది. పైగా కారు ఇంటి కిందే ఉంటుంది. ఆ పెద్దాయన చూపించే కాగితం గట్టిదైతే నేనూ కొనమనేదాన్ని. చిక్కంతా ఆ కాగితంలోనే ఉంది.

ఆయన సేల్ డీడ్ ఒకసారి చూపించమని అడగండి. మన దగ్గర చాలా డీడ్లలో ఫ్లాట్ ఇన్ని చదరపు అడుగులు, భూమిలో అవిభక్త వాటా ఇన్ని గజాలు, కారు పార్కింగ్‌తో సహా అని కలిపి రాస్తారు. అంటే ఆ పార్కింగ్ ఫ్లాట్‌ని అంటిపెట్టుకుని ఉన్నదే. స్థిరాస్తి అమ్మకం 100 రూపాయలు, ఆపైన విలువైనదైతే రిజిస్టరు దస్తావేజు ఉంటేనే చెల్లుతుంది. నోటరీ కాగితం మీకు ఇచ్చేది 'ఇక్కడ కారు పెట్టుకోండి' అన్న అనుమతిని మాత్రమే. రేపు ఆ పెద్దాయన పిల్లలు ఫ్లాట్ అమ్మేస్తే, కొన్నవాళ్లు తమ డీడ్ పట్టుకొచ్చి కారు తీయమంటారు. మీ మూడు లక్షలు వెనక్కి రాబట్టుకోవడానికి అమెరికాలో ఉన్నవాళ్ల వెంట పడాలి.

కోర్టులు కూడా ఈ సంగతిలో గట్టిగానే ఉన్నాయి. 2010 ఆగస్టులో నహల్‌చంద్ లాలూచంద్ కేసులో సుప్రీంకోర్టు, స్టిల్ట్ పార్కింగ్‌ని బిల్డరు విడి ఆస్తిగా అమ్ముకోవడానికి వీల్లేదని తీర్పు చెప్పింది. అది ముంబయి బిల్డరు కేసు, మహారాష్ట్ర ఫ్లాట్ల చట్టం కింద వచ్చిన తీర్పు. తర్వాత 2016లో వచ్చిన రెరా చట్టం ఆరుబయట పార్కింగ్‌ని అందరి ఉమ్మడి స్థలాల్లో చేర్చింది. మీ బిల్డింగ్ రెరా కన్నా పాతది, అమ్ముతానన్నది బిల్డరు కాదు. కాబట్టి ఇవి రెండూ యథాతథంగా మీకు అతికించలేం. కానీ పార్కింగ్ జాగాని ఫ్లాట్ నుంచి విడదీసి అమ్మడం ఎంత చిక్కుతో కూడిన పనో వీటిని బట్టే తెలుస్తుంది. పెద్దాయన రిజిస్ట్రేషన్‌కి సిద్ధమన్నా సరే, మీ ఇద్దరి డీడ్లూ, మునిసిపల్ ప్లానూ ఒక లాయరుకి చూపించకుండా రూపాయి కూడా ఇవ్వొద్దు.

ఇక మీ ఉత్తరంలో లేని మూడో దారి చెప్తాను. ఆ పెద్దాయన్నే స్లాట్ అద్దెకి ఇవ్వమనండి. కారు లేని ఆయనకి ఆ జాగా మీద ఇప్పుడు పైసా రావడం లేదు. నెలకి పదిహేను వందలో, రెండు వేలో ఇస్తే ఆయన మెయింటెనెన్స్‌కి ఆసరా అవుతుంది. పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకోండి. ఖాళీ చేయాలంటే రెండు నెలల ముందు చెప్పాలని అందులో ఉండాలి. అసోసియేషన్ మీటింగులో పెట్టి మినిట్స్ పుస్తకంలో ఎక్కించండి. బయటివాళ్లకి అద్దెకిస్తే అసోసియేషన్ అభ్యంతరం చెప్పొచ్చు గానీ, అదే బిల్డింగ్‌లో ఉంటున్న మీకు ఇస్తే గొడవపడేవాళ్లు తక్కువ. అదే మీటింగులో స్టిల్ట్‌లో పాత సామాన్లు, ఎవరూ నడపని స్కూటర్లు ఎంత చోటు తింటున్నాయో కూడా లెక్కపెట్టించండి. ప్లాన్‌లో పార్కింగ్ అని ఉన్నచోట స్టోరు రూము కట్టి ఉంటే, దాన్ని తీయించమని అడిగే హక్కు మీకుంది.

అద్దెకి ఒప్పుకునే ముందు ఆ స్లాట్‌లో కారు పెట్టి చూడండి. సాధారణంగా ఒక కారుకి రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు కావాలంటారు. పాత స్టిల్టుల్లో రెండు పిల్లర్ల మధ్య కారు పడుతుంది కానీ డోరు సగమే తెరుచుకుంటుంది. అలా అయితే మామయ్యగారిని గేటు దగ్గరే దింపి, కుర్చీలో కూర్చోబెట్టి, తర్వాత కారు లోపలికి పెట్టాలి. రాత్రి తొమ్మిది తర్వాత, అందరి బళ్లూ వచ్చేశాక వెళ్లి చూడండి. పగలు ఖాళీగా కనిపించే జాగాలోకి రాత్రిపూట తిప్పడానికి వీలవుతుందో లేదో అప్పుడే తెలుస్తుంది. మీ కారుకి అడ్డంగా ఇంకో కారు పెట్టే అలవాటుంటే, ఆ కారు తాళం రాత్రిపూట వాచ్‌మన్ దగ్గర ఉంచేలా మాట తీసుకోండి. మీ ఇంట్లో అర్ధరాత్రి ఆస్పత్రికి పరుగెత్తాల్సిన అవసరం రావచ్చు.

పెద్దాయన ఒప్పుకోకపోతే వెనక వీధి షెడ్డే తీసుకోండి. అక్కడ నాలుగు సంగతులు కనుక్కోండి. స్థలం ఎవరిది, డబ్బు తీసుకునే మనిషికి అద్దెకిచ్చే అధికారం ఉందా? కేసులేమైనా నడుస్తున్నాయా? త్వరలో కట్టడం మొదలుపెట్టే ఆలోచన ఉందా? గేటు తాళం రాత్రి ఎవరి దగ్గర ఉంటుంది? వీటితోపాటు నేల ఎత్తు చూడండి. మీ చుట్టుపక్కల అశోక్‌నగర్, దోమలగూడ పక్కగా హుస్సేన్‌సాగర్ నాలా పారుతుంది. 2020 అక్టోబరు వానలకి నగరంలో సెల్లార్లు నిండిపోయి, కార్లు నీళ్లలో తేలడం అందరం చూశాం. ప్రహరీ గోడ మీద పాత నీటి చార ఎంత ఎత్తున ఉందో గమనించండి. ఒకవేళ ఎప్పుడైనా కారు మునిగితే స్టార్ట్ చేయొద్దు. ఇంజన్లోకి నీళ్లు పోయి మొత్తం పాడవుతుంది. మీ ఇన్సూరెన్స్ ఉత్త థర్డ్ పార్టీదా, సొంత నష్టం కూడా కవరయ్యేదా అన్నది ఈ వారమే చూసుకోండి. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే వరద నష్టానికీ, దొంగతనానికీ, ఆ డోరు గీతకీ పైసా రాదు.

'ఊరంతా రోడ్డు మీదే పెడుతోంది' అన్న మాట గురించి. ఇంటి ముందు రోడ్డు ఎదురింటివాళ్ల సొత్తు కాదు. కుండీలు పెట్టి, సొంతంగా బోర్డు తగిలించినంత మాత్రాన అది వాళ్లది అయిపోదు. కానీ అది మీదీ కాదు. ఇరుకు సందులో ఒక కారు నిలబడితే ఆ మేరకు అంబులెన్స్‌కీ, ఫైరింజన్‌కీ దారి తగ్గుతుంది. రేపు ఆ అంబులెన్స్ మీ ఇంటికే రావాల్సి ఉండొచ్చు. రోడ్డు మీద జాగా ఊరికే వస్తోందనుకుంటాం గానీ, ఆ ఖర్చు సందులో ఉన్నవాళ్లందరి మీదా పడుతోంది. జపాన్‌లో మామూలు కారు కొంటే, ఇంటికి రెండు కిలోమీటర్ల లోపు దాన్ని పెట్టుకునే చోటు చూపించాకే రిజిస్ట్రేషన్ చేస్తారు. 1962 నాటి చట్టం అది. మన ఊళ్లలో అలాంటి చట్టం లేదు కాబట్టి ఆ భారం ఇరుగుపొరుగు మీద పడుతోంది.

అందరికీ ఇదే సలహా చెప్పను. వారానికోసారి గుడికీ, సినిమాకీ మాత్రమే కారు తీసే ఇల్లయితే, పార్కింగ్ అద్దె, ఇన్సూరెన్స్, సర్వీసింగ్ అన్నీ కలిపి చూసుకుని కారు అమ్మేయమంటాను. వాళ్లకి క్యాబే లాభం. మీ సంగతి వేరు. వారానికి మూడు డయాలసిస్‌లంటే నెలకి పదమూడు. 2,500ని పదమూడుతో భాగిస్తే ఒక్కో రోజుకి రెండొందలు కూడా కాదు. డయాలసిస్ అయి నీరసంతో ఉన్న మనిషిని వెంటనే కూర్చోబెట్టి ఇంటికి తెచ్చుకోవడానికి ఆ డబ్బు ఎక్కువ కాదు. మీ వారు నిద్ర పాడుచేసుకోకుండా మర్నాడు ఉద్యోగానికి వెళ్లడం కూడా ఇందులోనే కలిసొస్తుంది. ఏడాది అయ్యాక మళ్లీ కూర్చుని చూడండి. అవసరం మారితే అద్దె మానేయొచ్చు. కొన్న స్లాట్‌ని అలా వదిలించుకోలేరు.

చివరిగా మామయ్యగారి సంగతి. పార్కింగ్ డబ్బుల మాట ఆయన ముందు వాదనలా జరగనివ్వకండి. ఇద్దరూ విడిగా కూర్చుని తేల్చుకోండి. మందుల బిల్లు రాసుకునే పుస్తకంలోనే ఈ అద్దె కూడా రాసుకోండి, దాన్ని వేరే ఖర్చుగా చూడటం మానేస్తారు. 'కారుకి జాగా దొరికింది నాన్నా, ఇక ఆ గొడవ లేదు' అని ఆయనతో మీ వారినే చెప్పమనండి. కొడుకు నోట ఆ మాట వింటే, తన వల్లే ఇదంతా అన్న దిగులు ఆయనకి సగం తగ్గుతుంది.