సిడ్నీ ఒపేరా హౌస్ దగ్గర కెమెరా: ఏది తీయొచ్చు, ఏది కూడదు

సిడ్నీలో పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు, పెళ్లి కుదిరిన జంటలు, యూట్యూబ్ ఛానల్ నడిపే కుర్రకారు అందరూ అడిగే ప్రశ్నలివి. చాలావాటికి జవాబు రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది: మీరు ఎవరి స్థలంలో నిలబడి తీస్తున్నారు, తీసిన ఫొటోని దేనికి వాడబోతున్నారు.

టికెట్ లేకుండా ఎంత దగ్గరికి వెళ్లనిస్తారు?

గోడని తాకేంత దగ్గరికి. సర్క్యులర్ కీ స్టేషన్‌లో దిగి నీళ్ల పక్కనే నడుచుకుంటూ వెళ్తే కాసేపట్లో ఒపేరా హౌస్ ఉన్న బెన్నెలాంగ్ పాయింట్ వచ్చేస్తుంది. ముందున్న పెద్ద ఆవరణ, వెడల్పాటి మెట్లు, కట్టడం చుట్టూ తిరిగే దారి, వీటిలో దేనికీ టికెట్ లేదు. మన కోటల్లో, మ్యూజియంలలో లాగా కెమెరాకి విడిగా రుసుము కూడా ఉండదు. లోపలి హాళ్లు చూడాలంటే మాత్రం గైడ్‌తో తిరిగే టూర్‌కో, ఏదైనా ప్రదర్శనకో టికెట్ కొనాలి. టూర్‌లో మెట్లు ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్తుంటే బుక్ చేసేటప్పుడే ఆ మాట చెప్పి, నడక తేలికగా ఉండే టూర్ అడగండి.

ఉచితంగా చూడగలిగిన వాటిలో ఒకటి వదిలిపెట్టొద్దు. దూరం నుంచి పైకప్పు మొత్తం ఒకే తెలుపులా కనిపిస్తుంది. మెట్లెక్కి, తెరచాపలాంటి ఆ వంపు కిందికి దిగేచోట నిలబడి చూడండి. కొన్ని పలకలు నిగనిగలాడే తెలుపు, కొన్ని మెరుపు లేని మీగడ రంగు. పది లక్షలకు పైగా ఉన్న ఆ పలకలు స్వీడన్‌లో తయారయ్యాయి. ఎండ పడ్డప్పుడు కళ్లు చెదరకుండా, కట్టడం బతికున్నట్టు రంగు మారుతూ ఉండటానికి కారణం ఈ రెండు రకాల కలయికే. నా మట్టుకు నాకు, హార్బర్ బ్రిడ్జితో కలిపి తీసే ఫొటో కన్నా ఈ పలకల ఫొటోయే విలువైనది.

ఈ కట్టడానికి కాపీరైట్ ఉందంటారు, ఫొటో తీస్తే తప్పవుతుందా?

తప్పు కాదు. డెన్మార్క్ ఆర్కిటెక్ట్ యోర్న్ ఉట్జన్ 1957లో పోటీలో గెలిచి దీని రూపం ఇచ్చారు. ప్రభుత్వంతో పొసగక 1966లో మధ్యలోనే తప్పుకున్నారు. 1973లో రాణి ఎలిజబెత్ ప్రారంభించిన ఈ కట్టడాన్ని, పూర్తయ్యాక ఆయన ఒక్కసారైనా వచ్చి చూడకుండానే 2008లో కన్నుమూశారు. రచయిత పోయాక 70 ఏళ్ల దాకా కాపీరైట్ నిలిచే దేశం ఆస్ట్రేలియా. అయినా అక్కడి 1968 కాపీరైట్ చట్టంలోని 66వ సెక్షన్ చాలా స్పష్టంగా ఉంది: భవనాన్ని ఫొటో తీసినా, బొమ్మ గీసినా, సినిమాలో చూపించినా దాని కాపీరైట్‌కి భంగం కాదు. మీరు తీసిన ఫొటో మీద హక్కు మీదే. ఫేస్‌బుక్‌లో పెట్టుకోవచ్చు, పెద్దది చేసి గోడకి తగిలించుకోవచ్చు.

అయితే ఆ ఫొటోతో వ్యాపారం చేసుకోవచ్చా?

ఇక్కడ ఆగాలి. కాపీరైట్ అడ్డం రాకపోయినా ట్రేడ్‌మార్క్ వస్తుంది. ఒపేరా హౌస్ పేరుకీ రూపానికీ దాన్ని నడిపే ట్రస్టు ట్రేడ్‌మార్కులు రిజిస్టర్ చేయించుకుంది. మీ ట్రావెల్ ఏజెన్సీ లోగోలోనో, మసాలా పొట్లం మీదో ఆ బొమ్మ వేస్తే, వాళ్లకీ మీకూ సంబంధం ఉందని జనం అనుకునే ప్రమాదం ఉంది. అచ్చు వేయించకముందే ట్రస్టు అనుమతి అడగండి.

రాత్రి పైకప్పు మీద వేసే లైట్ల బొమ్మల సంగతి?

దీన్ని చాలామంది పట్టించుకోరు. 2009లో మొదలైన వివిడ్ ఉత్సవంలో ఆ తెరచాపల మీద వెలుగుతో బొమ్మలు వేస్తారు. 66వ సెక్షన్ మినహాయింపు భవనానికే తప్ప దాని మీద కదిలే బొమ్మకి కాదు. అది వేరే కళాకారుడి సొంత రచన. ఇంటిల్లిపాదీ నిలబడి తీసుకున్న ఫొటోకి ఎవరూ అడ్డు చెప్పరు. క్యాలెండర్ వేసి అమ్మాలంటే మాత్రం ఆ కళాకారుడి అనుమతి కావాలి.

ప్రీవెడ్డింగ్ షూట్?

స్నేహితుడు ఫోన్‌తో తీస్తే చింత లేదు. డబ్బు తీసుకునే ఫొటోగ్రాఫర్ వస్తే అది వ్యాపారం కిందికి వస్తుంది, ఆవరణలో అలాంటి షూటింగ్‌కి ముందస్తు అనుమతి ఉండాలి. ఆ పని ఎవరు చూసుకుంటారో అడ్వాన్సు ఇచ్చేముందే ఫొటోగ్రాఫర్‌ని అడగండి. పట్టుచీర కట్టుకుని, మేకప్ వేసుకుని వచ్చాక వెనక్కి పంపితే ఆ రోజంతా పోయినట్టే. పక్కనున్న బొటానిక్ గార్డెన్, ఎదురుగా ఉన్న ది రాక్స్ వేరే సంస్థల కింద ఉన్నాయి కాబట్టి ఇక్కడి అనుమతి అక్కడ చెల్లదు. డబ్బిచ్చి సొంతానికి తీయించుకున్న పెళ్లి ఫొటోల కాపీరైట్ ఆస్ట్రేలియాలో మామూలుగా తీయించుకున్నవాళ్లదే. కానీ ఒప్పందంలో మరోలా రాసుకుంటే అదే చెల్లుతుంది. సంతకం పెట్టేముందు చదవండి. ఆదాయం వచ్చే యూట్యూబ్ వీడియోకి కూడా ముందే అడగడం మేలు.

ప్రదర్శన జరుగుతుంటే తీయొచ్చా?

వద్దు. నాటకానికీ సంగీతానికీ రంగాలంకరణకీ ఎవరి హక్కులు వాళ్లకుంటాయి, పక్కవాళ్ల కళ్లల్లో మీ ఫోన్ వెలుగు పడుతుంది.

డ్రోన్?

ఇంటి దగ్గరే పెట్టి రండి. సిడ్నీ హార్బర్ మీది ఆకాశం ఆంక్షలున్న గగనతలం, ప్రత్యేక అనుమతి లేకుండా ఎగరేయకూడదు. పైగా దేశమంతటా జనం గుమిగూడిన చోటి మీదుగా ఎగరేయకూడదనీ, మనుషులకి 30 మీటర్ల లోపు రాకూడదనీ నియమం. పైనుంచి చూసినట్టు కావాలంటే హార్బర్ బ్రిడ్జి మీది నడకదారి ఎక్కండి. నీళ్ల మీద నుంచి కావాలంటే మాన్లీ ఫెర్రీ ఎక్కి బయట డెక్ మీద నిలబడండి.

ఫొటోలో అపరిచితులు పడితే?

బహిరంగ స్థలంలో మామూలుగా తప్పు కాదు. కానీ ఒకరి గోప్యతకి తీవ్రంగా భంగం కలిగిస్తే కోర్టుకి వెళ్లే హక్కు 2025 జూన్ నుంచి ఆస్ట్రేలియాలో అమల్లోకి వచ్చింది. వేరేవాళ్ల పిల్లల్ని దగ్గరగా తీయాలనిపిస్తే తల్లిదండ్రుల్ని అడగండి, వద్దంటే మానేయండి.

సెక్యూరిటీ వాళ్లు ఆపితే?

ఆవరణ వాళ్ల అధీనంలో ఉంది కాబట్టి తీయడం ఆపమని, బయటికి వెళ్లమని చెప్పొచ్చు. ఆ మాట వినాలి. కెమెరా లాక్కునే అధికారం, ఫొటోలు బలవంతంగా తీసేయించే అధికారం మాత్రం గార్డుకి లేవు. ఏ నియమం కింద ఆపుతున్నారో మర్యాదగా అడగండి. చాలాసార్లు ట్రైపాడ్‌నీ పెద్ద లెన్స్‌నీ చూసి వ్యాపారమేమో అనుకుని వస్తారు. మాకోసమే తీసుకుంటున్నామని చెప్పి, ట్రైపాడ్ మడిచి నడిచేవాళ్లకి దారి వదలండి.