క్విల్టులకు డై కటింగ్ మెషీన్ అవసరమా?

ప్రశ్న: క్విల్ట్ ముక్కలు కోయడానికి డై కటింగ్ మెషీన్ కొనడం లాభమేనా?

జవాబు: డై అంటే ఫోమ్ పరిచిన పలకలో ఉక్కు బ్లేడ్లు బిగించిన అచ్చు. దానిపై బట్ట పరిచి, పైన ప్లాస్టిక్ మ్యాట్ పెట్టి రోలర్ల మధ్య నడిపితే, ముక్కలు తెగుతాయి; జోడించి కుట్టే ముక్కల డైలలో సాధారణంగా కుట్టుకు వదిలే పావు అంగుళం కూడా కలిసే ఉంటుంది. ఆక్యుక్విల్ట్ గో వంటి చేతి మెషీన్‌లో చాలా డైలు 6 పొరల కాటన్ దాకా కోస్తాయి. నిలువు పోగు రోలర్లలోకి వెళ్లే దిశలో ఉండాలి. లేకపోతే బట్ట సాగి కొలత తప్పుతుంది.

ఒకే ఆకారం వందల్లో కావాలన్నా, ఆప్లిక్ (బట్టపై అతికి కుట్టే) పూలు, వంపు ముక్కలు ఎక్కువున్నా, మణికట్టు నొప్పి ఉన్నా మెషీన్ అక్కరకొస్తుంది. చతురస్రాలు, పట్టీలకు రోటరీ కట్టర్, స్కేలు చాలు.

అసలు ఖర్చు డైలదే. ఆకారం లేదా కొలత మారితే సాధారణంగా మరో డై కొనాలి. అంచుల్లో బట్ట కొంత వృథా అవుతుంది. ఎప్పుడో ఒక క్విల్ట్ కుట్టేవారికి ఈ మెషీన్ దండగే.