బొమ్మ రైలింజనుకి గొంతు ఎలా వస్తుంది? ఏ గొంతు మేలు?

 

మొన్న సైన్సు మాస్టారు కంప్యూటరు గదిలో అమెరికా, జర్మనీ వాళ్లు ఇళ్లల్లో నడుపుకునే చిన్న రైళ్లు చూపించారు. అవి అచ్చం అసలు బండిలాగే కూత వేశాయి. జర్మనీ డీకోడరు మేలని నా పక్క మంచం వాడు, అమెరికాదే మేలని నేను. దీపాలు ఆర్పేదాకా తగువు తెగలేదు. అందుకని మాస్టారిని అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. చివరికి ఇద్దరమూ ఓడిపోయాం. ఎలాగో చదవండి.

1. ఇంజను ఎంత ఉంటుంది?
ఎక్కువమంది వాడే సైజు పేరు హెచ్.ఓ. ఇందులో ప్రతి కొలతా అసలుదానిలో 87వ వంతు. 20 మీటర్ల ఇంజను 23 సెంటీమీటర్లు అవుతుంది. అంటే మన స్కేలు కన్నా చిన్నది. గొంతంతా అందులోనే ఇమడాలి.

2. డిజిటల్ అంటే ఏమిటి?
పాత పద్ధతిలో పట్టాల కరెంటు నేరుగా మోటారుకి పోతుంది. ఒకే పట్టా మీద రెండు ఇంజన్లు పెడితే రెండూ కదిలిపోతాయి. డిజిటల్ పద్ధతిలో ప్రతి ఇంజనులో డీకోడరు అనే చిన్న సర్క్యూటు, దానికో నంబరు ఉంటాయి. మన క్లాసులో హాజరు పిలిచినట్టే. 3 అని పిలిస్తే 3వ నంబరు ఇంజనే పలుకుతుంది. ఆ పిలుపు పట్టాల కరెంటులోనే వస్తుంది. కరెంటు దిక్కు మారుతూ ఉంటుంది. 58 మైక్రోసెకన్లకి మారితే 1 అని, 100 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే 0 అని అర్థం. మైక్రోసెకను అంటే సెకనులో 10 లక్షలవ వంతు!
ఈ పద్ధతికి మూలం జర్మనీలోని లెంజ్ కంపెనీ. 1990లలో అమెరికా మోడల్ రైలు సంఘం దీన్ని ప్రమాణంగా తీసుకుంది. అందుకే ఈ ప్రమాణం పాటించే ఏ కంపెనీ ఇంజనైనా అదే పట్టా మీద పలుకుతుంది.

3. రెండు గొంతుల పోలిక
జర్మనీది లోక్‌సౌండ్. అసలు ఇంజను దగ్గర రికార్డు చేసిన చప్పుళ్లు ఇందులో ఉంటాయి. కంప్యూటరుకి తగిలించి పాత చప్పుడు చెరిపేసి, మనకి కావలసింది ఎక్కించుకోవచ్చు. కానీ దానికి వేరే పరికరం కొనాలి, నేర్చుకోవాలి.
అమెరికాది సునామీ 2. కూతలు, గంటలు చాలా రకాలు ముందే అందులో ఉంటాయి. నంబర్లు మార్చి ఏరుకోవడమే. కంప్యూటరు అక్కర్లేదు. కానీ మన సొంత చప్పుడు ఎక్కించలేము.
అంటే మొదటిది మనమే వండుకునే వంట, రెండోది మెస్సులో వడ్డించే భోజనం. ఎవరి ఆకలి వారిది!

4. అసలు పరీక్ష ఇది
మాస్టారు ఒక ప్రశ్న వేశారు. "బండి బరువు మోస్తోందో లేదో ఆ చప్పుడు చెబుతుందా?" మేమిద్దరం నోరు మూసుకున్నాం.
సైకిలు డైనమో తిప్పితే కరెంటు పుడుతుంది కదా. తిరుగుతున్న మోటారులోనూ అంతే. డీకోడరు క్షణంలో చిన్న వంతు కరెంటు ఆపి, మోటారు ఎంత వోల్టేజి పుట్టిస్తోందో కొలుస్తుంది. ఎత్తు ఎక్కుతూ బండి నెమ్మదిస్తే ఆ వోల్టేజి తగ్గుతుంది. అప్పుడు డీకోడరు మోటారుకి ఎక్కువ కరెంటు ఇస్తుంది, ఇంజను చప్పుడు కూడా పెంచుతుంది. పల్లంలో చప్పుడు తగ్గిస్తుంది. ఈ పని రెండు కంపెనీల డీకోడర్లూ చేస్తాయి. కాకపోతే నంబర్లు సరిగ్గా దిద్దుకోవాలి. ఆవిరి ఇంజనుకైతే ఇంకో లెక్క ఉంది. రెండు సిలిండర్లుంటే పెద్ద చక్రం ఒక్క చుట్టుకి నాలుగు "ఛక్" లు రావాలి. మూడో అయిదో వస్తే తప్పు.

5. స్పీకరుకి ఇల్లు కావాలి
ఎంత మంచి డీకోడరైనా స్పీకరుకి పెట్టె లేకపోతే గొంతు పీలగా ఉంటుంది. స్పీకరు ముందుకి గాలిని నెట్టినప్పుడు వెనకాల గాలిని లాగుతుంది. రెండూ కలిస్తే లావు చప్పుడు చచ్చిపోతుంది. వెనకవైపు మూసేస్తే బతుకుతుంది.
మేము పాడైన రేడియో స్పీకరుతో చేసి చూశాం. ఉత్తగా పెడితే దోమ పాట. అట్టపెట్టెకి కన్నం చేసి బిగించి, సందులన్నీ మైదా జిగురుతో మూస్తే పెద్ద మనిషి గొంతు వచ్చింది. ఖర్చు సున్నా. మీరూ చేసి చూడండి.

6. మా తాత మాట
మా ఊరు బొర్రాకి పైన, కిరండూలు లైను పక్కనే. బైలదిల్ల ఇనుప రాయి ఈ లైను మీదే విశాఖ ఓడరేవుకి పోతుంది. తాతకి చూపు తగ్గింది. అయినా కూర్చున్నచోటు నుంచే "ఇది ఖాళీ, గలగలమంటోంది. అది లోడు, నేల అదురుతోంది" అని చెప్పేస్తాడు. నేను నవ్వేవాడిని. ఇప్పుడు తెలిసింది, డీకోడరు వోల్టేజి కొలిచి కనుక్కునే సంగతి తాత చెవితో కొలుస్తున్నాడు.
తాత ఇంకో మాట కూడా అంటాడు. "ఎక్కే బండి అరుస్తుంది రా. దిగే బండి గుట్టుగా వస్తుంది. బరువంతా దానిలోనే." సెలవులకి ఇంటికి పోయి పట్టాలు దాటే మనకి ఇది కూడా పాఠమే. చప్పుడు లేదు కదా అని దాటకండి. రెండు వైపులా చూసి దాటండి.

ముగింపు: ఏ గొంతు మేలు అంటే, బండి బరువు గురించి నిజం చెప్పే గొంతే మేలు. పక్క మంచం వాడు ఒప్పుకున్నాడు. నేనూ ఒప్పుకున్నాను.

తప్పులుంటే క్షమించి, పెన్సిలుతో పక్కన రాయగలరు.

– 9వ తరగతి విద్యార్థి