ఒకే తెరపై 800 దారులు: రైల్వే కంట్రోల్ తెర పాఠాలు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ తరతరాలుగా తెలుగువారు స్థిరపడిన రైల్వే పట్టణం. పూరీ గేట్ వంటి పేటల్లో ఉండేవారికి రైళ్ల రాకపోకలు రోజువారీ జీవితంలో భాగం. హౌరా, టాటానగర్, ఆద్రా, భువనేశ్వర్ వైపుల నుంచి వచ్చే లైన్లు ఈ జంక్షన్‌లో కలుస్తాయి. 2017 నవంబరులో ఇక్కడ ప్రారంభమైన ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వ్యవస్థలో 800 రూట్లు ఉన్నాయి. రైలు ఒక సిగ్నల్ దగ్గర బయల్దేరి తన లైనుకు చేరేలా పాయింట్లన్నీ అమర్చిన దారే రూట్. ఇన్ని రూట్లను ఆపరేటర్ ముందు ఎలా ఉంచాలి?

జాబితా కాదు, పటం

800 వరుసల జాబితా ఇస్తే కావలసినదాన్ని వెతకడానికే సమయం చాలదు. అందుకే తెరపై యార్డు పటాన్నే గీస్తారు. దూరాలు కొలత ప్రకారం ఉండవు కానీ, నేలమీద లైన్లున్న వరుస తెరమీద మారదు. రైలు ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్లాలో ఆ రెండు చోట్లు ఎంచుకుంటే రూట్ దొరుకుతుంది.

కాలాన్ని కూడా గీయవచ్చు. సెక్షన్ కంట్రోలర్ చార్టులో అడ్డంగా గంటలు, నిలువుగా స్టేషన్లు ఉంటాయి. ఒక్కో రైలు ఒక్కో గీత. గీత నిటారుగా ఉంటే వేగం ఎక్కువ, అడ్డంగా సాగితే రైలు ఆగినట్లు. ఒకప్పుడు పెన్సిల్‌తో గీసిన ఈ చార్టును ఇప్పుడు కంప్యూటర్ గీస్తోంది.

మామూలుగా ఉన్నది మౌనంగా

మన రైల్వే ప్యానెళ్లలో రూట్ వేయని ఖాళీ లైనుపై దీపం వెలగదు. రూట్ వేస్తే తెలుపు లేదా పసుపు, రైలుంటే ఎరుపు. చుట్టూ ఉన్నవాటికి భిన్నమైన రంగును కన్ను వెతక్కుండానే పట్టుకుంటుంది. అన్నీ వెలుగుతుంటే ఆ సౌలభ్యం పోతుంది.

ట్రాక్ సర్క్యూట్ చెడినా ఎరుపే కనిపిస్తుంది. ఖాళీ అని రుజువు కానంతవరకు లైనును ఖాళీగా చూపకూడదన్నది ఇక్కడి సూత్రం.

ఆదేశం వేరు, స్థితి వేరు

1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ఒక వాల్వు మూసుకోకుండా ఇరుక్కుపోయింది. ప్యానెల్‌పై దీపం మాత్రం మూసుకోమన్న ఆదేశం వెళ్లిందనే చూపింది. ఆపరేటర్లు అది మూసుకుందనుకున్నారు. మొదటి కొద్ది నిమిషాల్లోనే 100కు పైగా అలారాలు మోగడంతో అసలు విషయం మరుగునపడింది. చివరకు రియాక్టర్ గర్భం కొంతభాగం కరిగిపోయింది.

రైల్వే ప్యానెల్ ఈ తేడాను పాటిస్తుంది. మీట నొక్కగానే కాదు, పాయింటు నిజంగా కదిలి సరిగ్గా అమరిందని తేలాకే దాని గుర్తు స్థిరంగా వెలుగుతుంది.

ఒకదానికొకటి అడ్డొచ్చే రూట్లు ఒకేసారి పడకుండా ఇంటర్‌లాకింగే ఆపుతుంది. కానీ పరికరం మొరాయించినప్పుడు నిర్ణయం మనిషిదే. అంబులెన్సులను పంపే కేంద్రమైనా, విద్యుత్ సరఫరా కేంద్రమైనా ఇంతే. అందువల్ల తెరపై ఎంత సమాచారం ఉందన్నది కాదు ప్రశ్న. తేడా వచ్చిన ఒక్క చోటు ఎంత త్వరగా కంటపడుతుంది, కనిపించింది ఎంతవరకు నిజం అన్నవే అసలు పరీక్షలు.