వంశస్మరణము - పత్రప్రమాణము

పితృదేవతలకు తిలోదకము విడుచు గృహస్థు తండ్రి, తాత, ముత్తాతల పేర్లను గోత్రముతో కూడ ఉచ్చరింపవలెను. తండ్రి వసురూపుడు, తాత రుద్రరూపుడు, ముత్తాత ఆదిత్యరూపుడు అని శాస్త్రము. గతించిన తల్లి, నాయనమ్మ, ఆ నాయనమ్మ అత్తగారు, అట్లే మాతామహుని వైపున మరి మూడు తరములవారు ఈ స్మరణమునకు అర్హులు. ఇన్ని పేర్లు తడుముకొనక చెప్పగల ఇండ్లు నేడు ఎన్ని కలవు?

హైదరాబాదు తూర్పు దిక్కున, ఉప్పల్ దాటి వరంగల్లు మార్గమున నున్న పీర్జాదిగూడను తీసికొందము. నాచారము కర్మాగారములలోను, నగరమందలి కార్యాలయములలోను ఉద్యోగములు చేయుచు, నల్లగొండ, వరంగల్లు ప్రాంతముల గ్రామములనుండి వచ్చి అచట ఇండ్లు కట్టుకొన్నవారు ఎందరో కలరు. మహాలయ అమావాస్యనాడు అట్టి ఇంట పురోహితుడు “ముత్తాతగారి పేరు?” అని అడుగును. యజమాని తల్లి వంక చూచును. ఆమె “అందరును పెద్దయ్య అనెడివారు నాయనా, అసలు పేరు మీ తాతగారికే తెలియును” అనును. ఆ తాతగారు గతించి ఇరువది యేండ్లు. పురోహితునకు ఇంకను నాలుగిండ్లకు పోవలసి యున్నది. అప్పుడు తోచిన పేరొకటి చెప్పి కార్యము గడపివేయుట జరుగుచుండును. ఆ పేరే మరుసటి ఏట నిజమగును. కుమారునికి అదియే సంక్రమించును. ఊరు విడిచిన కుటుంబమునకు వాటిల్లు నష్టములలో ఇది చిన్నది కాదు.

వంశము రెండు విధములు

వంశమనగా జన్మచేత వచ్చినది, విద్యచేత వచ్చినది అని రెండు విధములని వైయాకరణులు చెప్పుదురు. బృహదారణ్యకోపనిషత్తులో వంశమను పేరుతో నున్న భాగములు గురుశిష్య పరంపరలే. అందు కడపటి పట్టికలో ఆచార్యులు తల్లుల పేర్లతో, ఫలానా తల్లి కుమారుడని, పేర్కొనబడుట గమనింపదగినది. శ్రీవైష్ణవులకు ఈ రెండవ వంశము మిక్కిలి ముఖ్యము. తన యాచార్యునితో ఆరంభించి శ్రీమన్నారాయణుని వరకు గురుపరంపరను అనుసంధించుట నిత్యవిధి. పీర్జాదిగూడ పేరులోని పీర్జాదా అను ఫారసీ మాటకు సయితము గురువు సంతతివాడని యర్థము. ఒక్క మాటలో రెండు వంశములును ఇమిడియున్నవి. కావున పూర్వుల పేర్లు వెదకుట కులగర్వమునకు కాదు; ఋణము గుర్తెరుగుటకు.

తాళ్ళపాకవారి నిదర్శనము

వ్రాతలవలన ఒక వంశము ఎట్లు నిలుచునో తెలుగువారికి తాళ్ళపాకవారి చరిత్రకంటె మించిన నిదర్శనము లేదు. రాజంపేట సమీపమునందలి తాళ్ళపాక గ్రామమే వారి ఇంటిపేరైనది. అన్నమాచార్యుల సంకీర్తనములు రాగిరేకులపై చెక్కబడి శ్రీవారి యాలయమందలి సంకీర్తన భండారములో భద్రపరచబడెను. శతాబ్దములు మరుగుపడి యుండి, అవి 1922లో వెలుగు చూచినవి. వానిలో మొదటి రేకు శాలివాహన శకము 1346 క్రోధి సంవత్సరమున, అన్నమాచార్యుల పదునారవ యేట, స్వామి ప్రత్యక్షమైనట్లును, నాటినుండి శకము 1424 దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి వరకు సంకీర్తనములు వెలసినట్లును తెలుపుచున్నది. శకమునకు 78 కలిపిన క్రీస్తు శకము వచ్చును. సంవత్సరాంత మాసములైనచో 79 కలుపవలెను. ఆ లెక్కన ఆ ద్వాదశి క్రీ.శ. 1503 ఫిబ్రవరి 23 అగుచున్నది.

ఇందొక పాఠము కలదు. వర్ధంతి తిథి రేకులో స్పష్టముగా నున్నది. జన్మసంవత్సరము 1408 అనుట పదునారవ యేడన్న మాటనుబట్టి గణించినది. మొదటిది పత్రము చెప్పినది. రెండవది పత్రమునుండి మనము తెలిసికొన్నది. ఇంటి చరిత్ర వ్రాయునపుడు ఈ రెంటిని కలిపివేయరాదు.

తండ్రి నారాయణసూరి, తల్లి లక్కమాంబ, సుభద్రా కల్యాణమును రచించిన పత్ని తిమ్మక్క, కుమారుడు పెద తిరుమలాచార్యుడు - ఈ సంబంధములు తెలిసికొనుటకు మనుమడు చిన్నన్న ద్విపదగా వ్రాసిన అన్నమాచార్య చరిత్రము తోడ్పడినది. దీనిని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1949లో ప్రకటించిరి. తిరుమల తిరుపతి శాసనములు ఈ వంశమువారి దానధర్మములను వేరుగా ధ్రువపరచుచున్నవి. వానిలో అధికభాగము తమిళమున నుండుటచే పెద తిరుమలాచార్యుడు అచట తిరుమలయ్యంగారుగా కనబడును. పేరు మారినంతమాత్రమున మనిషి మారడు; తండ్రి పేరు, ఊరు, కాలము కలిసినవా యని చూడవలెను.

గ్రామపు లెక్కలు

అందరి పూర్వులును రాగిరేకులు వ్రాయించినవారు కారు గదా యని పాఠకులు శంకింపవచ్చును. నిజమే. కాని శిస్తు కట్టిన రైతు పేరు సర్కారు విడువలేదు. నిజాము రాష్ట్రమున భూమి కొలతలు జరిగి, శిస్తు నిర్ణయమైన పిదప ఏర్పడిన సేత్వారు అను పుస్తకములో పట్టాదారుల పేర్లు కలవు. 1954-55 నాటి ఖాస్రా పహాణీ తెలంగాణ గ్రామములన్నింటికి ముఖ్యాధారము. ఈ లెక్కలలో పేరు తరువాత “వల్ద్” అని వ్రాసి తండ్రి పేరు వ్రాయుట కలదు. ఒక్క పంక్తిలో రెండు తరములు దొరకును. 1954లో వృద్ధుడైన పట్టాదారు తండ్రి నేటి గృహస్థునకు ముత్తాత కావచ్చును. సేత్వారు భూమి కొలతల శాఖలోను, పహాణీలు తహశీల్దారు కార్యాలయములోను అడుగవలెను.

ఇందు రెండు చిక్కులు కలవు. ఒకటి ఫసలీ సంవత్సరము. దానికి 590 కలిపిన ఇంచుమించు క్రీస్తు శకము వచ్చును. ఫసలీ 1364 అనగా 1954-55. రెండవది లిపి. పాత లెక్కలు ఉర్దూలో నున్నవి. ఉర్దూలో హ్రస్వాచ్చులను సాధారణముగా గుర్తింపక వ్రాయుదురు. అందుచే తిమ్మయ్య, తమ్మయ్య అను రెండు పేర్లును ఒకే విధముగా కనబడును. చదివిపెట్టువాని నోట మొదట వచ్చినదే పేరని నిశ్చయింపక, ఇంటి దస్తావేజులతో సరిచూడవలెను.

పీర్జాదిగూడ వారికి తార్నాక దూరము కాదు. అచటి రాష్ట్ర అభిలేఖాగారములో షాజహాను, ఔరంగజేబుల కాలపు ఫారసీ పత్రములు మొదలుకొని నిజాము సర్కారు దస్త్రముల వరకు కలవు. ఇనాములు, దేవాలయపు మాన్యములు, గ్రామాధికారపు వతనులు అనుభవించిన కుటుంబములవారు అచట విచారించుట మేలు. అయితే ఎచటికి పోయినను అడుగు మొదటి ప్రశ్న “ఏ గ్రామము?” అని. ఇప్పటి కాలనీ పేరు అచట ఉపకరింపదు. ఊరి పేరు మరచినవానికి గ్రంథాలయములు తెరచియున్నను తలుపులు మూసినట్లే.

తీర్థములలోని పుస్తకములు

తీర్థయాత్రికులకు మరియొక ఆధారము కలదు. హరిద్వారమందలి పండాలు బహీలు అను పొడవైన పుస్తకములలో యాత్రికుల వంశములను తరతరములుగా వ్రాసి యుంచుదురు. యాత్రికుడు తానువచ్చిన కారణమును, ఇంట జరిగిన జనన వివాహ మరణములను వ్రాయించి స్వహస్తముతో సంతకము చేయును. పుస్తకములు కులమును, పూర్వుల గ్రామమును బట్టి ఏర్పడినవి. గయలోను, కాశిలోను తీర్థపురోహితులు ఇట్టి లెక్కలు ఉంచుట కలదు. తెలుగువారి పెద్దలు గయాశ్రాద్ధమునకు పోయిన కుటుంబములు అచట విచారించి చూడవచ్చును. తాత వ్రాసిన అక్షరములను మనుమడు కన్నులార చూచుట శ్రాద్ధమునకు తీసిపోని భాగ్యము.

సముద్రము దాటినవారికి సయితము పత్రమే దిక్కయినది. మద్రాసునుండి కూలీలతో బయలుదేరిన ట్రూరో అను ఓడ 1860 నవంబరు 16న నెటాలు చేరెను. మారిషస్సునకు తెలుగువారు అంతకు ముందే పోయిరి. అట్లు పోయినవారి పేరు, తండ్రి పేరు, వయస్సు, గ్రామము పుస్తకములలో వ్రాయబడెను. మారిషస్సు లెక్కలు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థయందు భద్రముగా నున్నవి. భాష మరచిన మునిమనుమలు ఆ యొక్క పంక్తిని పట్టుకొని పూర్వుల ఊరు వెదకికొనుచు వచ్చుచున్నారు. ఊరిలో పుట్టి నగరము చేరిన మనకు ఆ శ్రమలో పదవ వంతు లేదు.

తెలియనిచో ఏమి చేయవలెను?

ఇంత వెదకినను పేరు దొరకకపోవచ్చును. అప్పుడు కల్పింపవలెనా? అక్కరలేదు. గోత్రము తెలియనివారు కాశ్యప గోత్రము చెప్పవలెనని, పేర్లు తెలియనిచో తండ్రిని పృథివీషత్ అని, తాతను అంతరిక్షసత్ అని, ముత్తాతను దివిషత్ అని స్మరింపవలెనని ధర్మగ్రంథములు ఏర్పాటు చేసినవి. భూమియందున్నవాడు, అంతరిక్షమందున్నవాడు, స్వర్గమందున్నవాడు అని వాని యర్థము. తెలియదని ఒప్పుకొనుటకు శాస్త్రమే మాట సమకూర్చియుండగా అబద్ధపు పేరుతో నీరు విడువనేల? రాజులనో, మహాకవులనో మూలపురుషులుగా కల్పించుకొనుట అంతకంటెను అనుచితము. కట్టిన కథ ఒక్క మెట్టు చేరినచో, దానిపైనున్న నిజమైన తరములును సందేహమున పడును.

కార్యక్రమము సులభమైనది. మొదట ఇంటనున్న వృద్ధులను అడుగవలెను. పత్రములు నిలుచును, వారు నిలువరు. పిదప ఇంటి దస్తావేజులు, జాతకములు, పాత లగ్నపత్రికలు చూడవలెను. కన్యాదాన సమయమున ఇరువైపుల ముత్తాతలనుండి ప్రవర చెప్పుదురు గనుక, తాతగారి వివాహమునాటి కాగితము దొరికినచో మరి మూడు తరములు వెనుకకు పోవచ్చును. ఆ తరువాతనే కార్యాలయములు, తీర్థములు. తెలిసిన ప్రతి పేరునకు ఎదుట ఎవరు చెప్పిరో, ఏ పత్రములో నున్నదో వ్రాయవలెను. తెలియనిచోట ఖాళీ విడువవలెను. గ్రామము, తిథి తప్పక వ్రాయవలెను. సర్కారు లెక్కలలో స్త్రీల పేర్లు అరుదు. తర్పణములో వారికి స్థానము కలదు. కావున కోడళ్ళ పేర్లు, వారి పుట్టినింటి పేర్లు ఇంటి పుస్తకమే నిలుపవలెను.

ఆ పుస్తకమును పూజామందిరములో పంచాంగము ప్రక్కన ఉంచిన చాలును. వచ్చు మహాలయమున పురోహితుడు అడిగినపుడు యజమాని తల్లి వంక చూడనక్కరలేదు. ఆ తల్లి పేరును, ఆమెను పెంచినవారి పేరును అందే ఉండును.