పాత రీలు తుపాకీని బాగుచేసే ముందు

దీపావళికి కొన్న రేకు తుపాకీయో, అమెరికా నుంచి వచ్చిన పోత ఇనుప బొమ్మ తుపాకీయో పాత ట్రంకు పెట్టెలో బయటపడితే, తుప్పు వదిలించి మళ్లీ మెరిపించాలని చేతులు ఊరుకోవు. చక్కని అభిరుచి. అయితే ఇందులో అసలు ప్రమాదం టప్‌మనే శబ్దంలో లేదు. పాత రంగులో ఉంది, బొమ్మను చూసి అసలు తుపాకీ అనుకుని ఎదుటివాళ్లు పడే పొరపాటులో ఉంది.

విప్పే ముందు

లోపల పేలని రీలు మిగిలిందేమో చూడండి. రీళ్లలో, బిళ్లల్లో సాధారణంగా ఉండేది పొటాషియం క్లోరేట్, ఎర్ర భాస్వరం కలిపిన మందు. రాపిడికే అంటుకుంటుంది. కాబట్టి సుత్తి కింద పేరుకున్న నల్లటి మసిని పొడిగా గీకవద్దు. సబ్బు నీళ్లలో నానబెట్టి మెత్తని బ్రష్‌తో కడిగి, వెంటనే ఆరబెట్టండి. పాత రీళ్లు దొరికితే నీళ్లలో బాగా నాననిచ్చి పారేయండి. జేబులో వేసుకోవద్దు. ఆ మందు గీకి ఒకచోట పోగు చేయడం అసలే వద్దు.

బొమ్మ రెండు భాగాలూ విడదీసేటప్పుడు స్ప్రింగు ఎగిరి కంటికి తగలవచ్చు. రక్షణ కళ్లద్దాలు పెట్టుకోండి. పెద్ద ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టి విప్పితే చిన్న ముక్కలు కూడా పోవు.

ఏ లోహమో చూసుకోండి

అయస్కాంతం అంటుకుంటే ఇనుమో, రేకో. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు స్టీవెన్స్, కిల్‌గోర్, హబ్లీ లాంటి అమెరికన్ కంపెనీలు పోత ఇనుముతో వీటిని చేసేవి. యుద్ధం తర్వాత జింకు మిశ్రమం వచ్చింది. దానికి అయస్కాంతం అంటదు. జింకు బొమ్మను బాత్రూమ్ యాసిడ్‌లో ముంచవద్దు. లోహాన్ని తినేస్తుంది, మండే హైడ్రోజన్ వాయువు వదులుతుంది. ఒంటినిండా సన్నని పగుళ్లు, ఉబ్బులు ఉంటే అది మిశ్రమంలోని మలినాల వల్ల లోపలే పుట్టిన జబ్బు, నయం కాదు. వైస్‌లో బిగిస్తే విరిగిపోతుంది. అలాంటిదాన్ని ఉన్నదున్నట్టు దాచుకోండి.

రంగు దగ్గర తొందర వద్దు

బొమ్మల రంగుల్లో సీసాన్ని అమెరికా 1978లో కట్టడి చేసింది. మన దేశంలో ఇంటి రంగులకు 90 పీపీఎం పరిమితి 2017లో గాని అమల్లోకి రాలేదు. కనుక పాత రంగు ఏదైనా సీసం ఉందనే అనుకుని పని మొదలుపెట్టండి. పొడిగా ఉప్పు కాగితం రుద్దవద్దు, గ్రైండర్ పెట్టవద్దు, మంటతో కాల్చవద్దు. తడిపిన ఉప్పు కాగితంతోనే రుద్దండి. ఎన్95కు తగ్గని మాస్కు వేసుకోండి, గుడ్డ మాస్కు చాలదు. పని వంటింట్లో చేయవద్దు. రంగు నానబెట్టిన గిన్నె మళ్లీ పొయ్యి ఎక్కకూడదు. చేతులు సబ్బుతో కడిగాకే అన్నం దగ్గరికి వెళ్లండి. ఆ బట్టలు విడిగా ఉతకండి. చిన్నపిల్లలనూ గర్భిణులనూ ఆ గదిలోకి రానివ్వవద్దు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఆ నష్టం తిరిగి పూడేది కాదు.

నా మట్టుకు, పాత రంగు సగానికి పైగా నిలిచి ఉంటే దాన్ని ముట్టుకోకపోవడమే మేలంటాను. పైన వార్నిష్ పూసినా అది పిల్లలు ఆడుకునే వస్తువు కాదు. వాళ్లకు బీఐఎస్ గుర్తున్న కొత్త బొమ్మ కొనివ్వండి. 2021 జనవరి నుంచి ఆ గుర్తు తప్పనిసరి.

అసలుదానిలా చేయాలన్న మోజు

ఇక్కడే గట్టిగా చెప్పాలి. మూతికి ఉన్న నారింజ రంగును చెరపవద్దు, నల్ల రంగు పూయవద్దు. అమెరికాలో 1989లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం బొమ్మ తుపాకీ మూతికి ఆ గుర్తు ఉండాలి. 2014 నవంబరులో క్లీవ్‌లాండ్‌లో 12 ఏళ్ల తమీర్ రైస్‌ను పోలీసు కాల్చినప్పుడు ఆ పిల్లవాడి దగ్గరున్నది నారింజ గుర్తు లేని బొమ్మ తుపాకీ. పాత బొమ్మకు మొదటినుంచీ గుర్తు లేకపోతే, బయటికి తీసుకెళ్లేటప్పుడు మూతికి నారింజ టేపు చుట్టండి. లోహానికి ఏమీ కాదు.

మూసి ఉన్న గొట్టాన్ని తొలవవద్దు. మన 1959 ఆయుధాల చట్టం బొమ్మగా తప్ప మరి దేనికీ పనికిరాని, ఆయుధంగా మార్చడానికి వీల్లేని వస్తువునే మినహాయిస్తుంది. నకిలీ తుపాకీని లైసెన్సు లేకుండా నిజమైనదిగా మార్చడం నేరం. అరచేతిలో ఇమిడే పాత బుల్లి పిస్టళ్లలో నిజంగా పేలేవీ ఉన్నాయి. అనుమానం వస్తే విప్పకుండా తెలిసినవారికి చూపించండి.

బాగుచేశాక రీలు పెట్టి చూడాలనిపిస్తే ఆరుబయట, చెవికి కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో పేల్చండి. విమాన ప్రయాణంలో చేతిసంచిలో పెట్టుకోవద్దు. చెకిన్ సామానులో పెట్టాలన్నా ముందే ఎయిర్‌లైన్‌ను అడగండి.