ఉప్పు చెప్పిన నిజం - గణాంక శాస్త్ర పరిచయం



ఇంట్లో అమ్మ అన్నం వండుతున్నప్పుడు ఎప్పుడైనా గమనించారా? అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఆమె గిన్నెలోని మెతుకులన్నీ తీసి చూడదు. గరిటెతో రెండు మెతుకులు తీసి వేళ్ళతో నొక్కి చూస్తుంది. గిన్నెడు అన్నం సంగతి అంతటితో తెలిసిపోతుంది.

మరి పప్పులో ఉప్పు సరిపోయిందా అని చూసేటప్పుడో? ముందు గరిటెతో అడుగు నుంచి బాగా కలుపుతుంది. ఆ తరువాతనే అరచేతిలో ఒక చుక్క వేసుకొని రుచి చూస్తుంది. కలపకుండా పైపైన చూస్తే చప్పగా ఉన్నట్లు తోస్తుంది. అది నమ్మి మరికొంచెం ఉప్పు వేస్తే పప్పు నోట పెట్టుకోలేము.

కొద్దిని చూసి మొత్తాన్ని తెలుసుకోవడం ఒకటి, ఆ కొద్దిని జాగ్రత్తగా తీసుకోవడం రెండు. ఈ రెండు పనులూ అమ్మ రోజూ చేస్తుంది. వీటినే ఒక పద్ధతి ప్రకారం చేసే శాస్త్రం ఒకటి ఉన్నది. దాని పేరు గణాంక శాస్త్రం. దీనినే సాంఖ్యక శాస్త్రం అని కూడా అంటారు.

గణాంక శాస్త్రం చేసే పనులు

గణాంక శాస్త్రం ముఖ్యంగా నాలుగు పనులు చేస్తుంది. మొదట, మనకు కావలసిన వివరాలను సేకరిస్తుంది. ఇలా సేకరించిన వివరాలకు దత్తాంశం అని పేరు. రెండవది, వాటిని పట్టికలుగా, బొమ్మలుగా క్రమంలో అమరుస్తుంది. మూడవది, వాటిని పరిశీలించి లెక్క కడుతుంది. నాలుగవది, ఆ లెక్కను బట్టి ఏమి చెప్పవచ్చునో, ఏమి చెప్పకూడదో తేలుస్తుంది. ఈ నాలుగింటిలో చివరిదే కష్టమైనది. ఎందుకో ఒక ఉదాహరణలో చూద్దాము.

సగటు ఒక్కటే చాలదు

ఒక తెలుగు తరగతిలో తొమ్మిదిమంది పిల్లలు ఉన్నారనుకోండి. ఉగాది నాటకం కోసం సాయంత్రం బడి విడిచిన తరువాత సాధన చేయాలి. ఎంతసేపు ఆపవచ్చునో తెలియడానికి మాస్టారు, "బడి నుంచి ఇల్లు చేరడానికి మీకు ఎన్ని నిమిషాలు పడుతుంది?" అని అడిగారు. పిల్లలు చెప్పిన సమాధానాలు ఇవి:

5, 5, 8, 10, 10, 10, 12, 15, 60

వీటన్నిటినీ కూడితే 135. దానిని తొమ్మిదితో భాగిస్తే 15. దీనినే సగటు లేదా అంకమధ్యమం అంటారు.

ఇప్పుడు వరుసలో సరిగ్గా నడుమ ఉన్న సంఖ్యను చూడండి. అది అయిదవ సంఖ్య, అంటే 10. దీనికి మధ్యగతం అని పేరు. అన్నిటికంటె ఎక్కువసార్లు వచ్చిన సంఖ్య కూడా 10. దీనికి బాహుళకం అని పేరు.

సగటు 15 అయినప్పటికీ, తొమ్మిదిమందిలో ఏడుగురు అంతకంటె త్వరగానే ఇల్లు చేరుతున్నారు. ఒకరికి సరిగ్గా పదిహేను నిమిషాలు పడుతుంది. ఒక అమ్మాయి మాత్రం రెండు బస్సులు మారి వెళ్ళాలి. ఆమెకు గంట పడుతుంది. మాస్టారు సగటు ఒక్కటే చూసుకొని, "పావుగంటలో అందరూ ఇల్లు చేరుతారు" అనుకొంటే, ఆ అమ్మాయి చీకటిపడిన తరువాత ఒంటరిగా బస్సు కోసం నిలబడవలసి వస్తుంది.

లెక్కలో తప్పు లేదు. కాని ఆ లెక్కలో ఆమె కనబడలేదు. కాబట్టి సగటు చెప్పినప్పుడు, అన్నిటికంటె చిన్న సంఖ్య ఎంత, అన్నిటికంటె పెద్ద సంఖ్య ఎంత అని కూడా అడగాలి.

మన మారిషస్ వానల సంగతీ ఇంతే. దీవి మొత్తానికి సంవత్సరానికి సగటున సుమారు 2,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అయితే నడిమి పీఠభూమిలో కొన్నిచోట్ల సుమారు 4,000 మిల్లీమీటర్లు కురిస్తే, పడమటి తీరంలో వెయ్యికి తక్కువే కురుస్తుంది. క్యూర్‌పిప్‌లో గొడుగు లేనిదే బయలుదేరరు. పడమటి తీరంలో చెరకుకు నీరు పెట్టవలసి ఉంటుంది. దీవి సగటును నమ్మి నీరు పెట్టడం మానివేస్తే ఆ రైతు చెరకు ఎండిపోతుంది.

ఎర్రకోటలో ఎంతమంది?

ఇప్పుడు ఒక నిజమైన కథ వినండి. ఇది 1947లో ఢిల్లీలో జరిగినది.

ఆ సంవత్సరం భారతదేశం రెండుగా విడిపోయినప్పుడు పెద్ద అల్లర్లు చెలరేగాయి. ప్రాణాలు దక్కించుకోవడానికి ఎంతోమంది ఎర్రకోటలో తలదాచుకొన్నారు. మరికొందరు హుమాయూన్ సమాధి ఆవరణలో చేరారు. వారందరికీ అన్నం పెట్టవలసిన బాధ్యత ప్రభుత్వానిది. ఆ పనిని ప్రభుత్వం గుత్తేదార్లకు అప్పగించింది. వారు బియ్యం, పప్పు, ఉప్పు మొదలైనవి కొని, ఇంత అయినదని లెక్క చూపేవారు. ప్రభుత్వం ఆ డబ్బు చెల్లించేది.

ఖర్చు చూస్తే చాలా ఎక్కువగా కనబడింది. కాని కోటలో ఎంతమంది ఉన్నారో ఎవరికీ తెలియదు. ఆ పరిస్థితులలో లోపలికి వెళ్ళి తలలు లెక్కపెట్టడం సాధ్యం కాలేదు. ఎక్కువమంది ఉన్నారని నమ్మితే ప్రభుత్వ ధనం వృథా. తక్కువమంది ఉన్నారనుకొని ధాన్యం తగ్గిస్తే ఆకలితో ఉన్నవారికి అన్నం ఉండదు. అప్పుడు గణాంక నిపుణులను పిలిచి, కోటలో ఎంతమంది ఉన్నారో అంచనా వేయమన్నారు.

వారి చేతిలో ఉన్నవి గుత్తేదార్లు ఇచ్చిన లెక్కలు మాత్రమే. అయితే మరొక సంగతి కూడా వారికి తెలుసు. ఒక మనిషికి రోజుకు ఎంత బియ్యం, ఎంత పప్పు, ఎంత ఉప్పు కావాలో అంతకుముందు కుటుంబాల తిండిని గురించి జరిపిన సర్వేలు చెబుతున్నాయి. మొత్తాన్ని ఒక మనిషి వాడకంతో భాగిస్తే మనుషుల సంఖ్య రావాలి కదా! వారు అలాగే చేశారు.

ఆ పద్ధతి అర్థం కావడానికి కొన్ని అంకెలు ఊహించుకొందాము. ఇవి నాటి అసలు అంకెలు కావు.

బియ్యం: రోజుకు 20,000 కిలోలు. మనిషికి అరకిలో చొప్పున 40,000 మంది.
పప్పు: రోజుకు 3,000 కిలోలు. మనిషికి 100 గ్రాముల చొప్పున 30,000 మంది.
ఉప్పు: రోజుకు 200 కిలోలు. మనిషికి 10 గ్రాముల చొప్పున 20,000 మంది.

మనుషులు వారే, కోట అదే. మూడు లెక్కలూ ఒకటే కావాలి. కాని మూడూ మూడు విధాలుగా వచ్చాయి. ఇందులో ఏది నమ్మాలి?

కాసేపు పుస్తకం మూసి మీరే ఆలోచించండి.

నిపుణులు ఉప్పును నమ్మారు. బియ్యం ఖరీదైనది. కొన్ని బస్తాలు ఎక్కువ రాస్తే బోలెడంత లాభం. ఉప్పు చాలా చవక. దానిని ఎక్కువ రాసినా మిగిలేది ఏమీ లేదు. అందుచేత ఉప్పు లెక్కను మార్చాలని ఎవరికీ తోచలేదు. ఎర్రకోట లెక్కలలో కూడా బియ్యం అన్నిటికంటె ఎక్కువమందిని చూపింది. ఉప్పు అన్నిటికంటె తక్కువమందిని చూపింది. ఇదే పద్ధతిని హుమాయూన్ సమాధి దగ్గర ఉన్న చిన్న శిబిరంలో కూడా ప్రయోగించి చూశారు. అక్కడ కూడా అంచనా సరిగానే కుదిరింది.

చూశారా! ఎవరూ లెక్కచేయని ఉప్పు నిజం చెప్పింది. ఒక సంఖ్య మన ముందుకు వచ్చినప్పుడు, "దీనిని ఎవరు చెప్పారు? ఎక్కువ చెబితే వారికేమి లాభం?" అని ఆలోచించడం కూడా గణాంక శాస్త్రంలో భాగమే.

ఈ శాస్త్రంలో ఒక తెలుగువారు

పై కథను లోకానికి చెప్పినవారిలో ఒకరు మన తెలుగువారే. ఆయన పేరు కల్యంపూడి రాధాకృష్ణ రావు. సి. ఆర్. రావు అంటే గణాంక శాస్త్రం చదివినవారందరికీ తెలుసు. ఆయన 1920 సెప్టెంబరు 10న హడగళిలో, ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు కర్ణాటకలో ఉన్నది. తల్లిదండ్రులకు ఎనిమిదవ సంతానం కావడంచేత, దేవకికి ఎనిమిదవ బిడ్డ అయిన కృష్ణుని పేరు పెట్టారు. తెల్లవారుజామున నాలుగు గంటలకే తల్లి లేపి, దీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేది. పెద్దవాడై గొప్ప పేరు పొందిన తరువాత కూడా ఆయన ఆ దీపాన్ని మరచిపోలేదు.

వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1941లో కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరారు. ఆ సంస్థను స్థాపించినవారు ప్రశాంతచంద్ర మహలనోబిస్. కొద్దిపాటి వివరాల నుంచి మొత్తాన్ని అంచనా వేసేటప్పుడు ఆ అంచనా ఎంతవరకు కచ్చితంగా ఉండగలదో తెలిపే ఒక ముఖ్య సూత్రాన్ని రావుగారు 1945లో ప్రకటించారు. అప్పటికి ఆయన వయసు ఇరవై అయిదేళ్ళు. 2023లో, నూట రెండేళ్ళ వయసులో, ఆయనకు అంతర్జాతీయ గణాంక శాస్త్ర బహుమతి లభించింది. అదే సంవత్సరం ఆగస్టులో ఆయన కన్నుమూశారు.

మన దేశంలో మనుషుల లెక్క

మన పూర్వీకులు ఒప్పంద కూలీలుగా ఓడలలో ఈ దీవికి వచ్చారని మీకు తెలుసు. 1834 నుంచి ఇరవయ్యవ శతాబ్దం మొదటి వరకు భారతదేశం నుంచి సుమారు నాలుగున్నర లక్షలమంది వచ్చారు. పోర్ట్‌లూయీ రేవులో దిగిన ప్రతి మనిషికీ ఒక సంఖ్య ఇచ్చి, పేరు, వయసు, ఊరు రిజిస్టర్లలో రాశారు. ఆ లెక్క కూలీల మేలు కోరి రాసినది కాదు. తోటల యజమానుల కోసం, ప్రభుత్వం కోసం రాసినది. అయినా ఆ రిజిస్టర్లు ఇప్పుడు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. మా ముత్తాత ఏ ఊరినుంచి వచ్చాడు అని అడిగే మునిమనుమలకు అవే సమాధానం చెబుతున్నాయి. సరిగా రాసిన లెక్క రాసినవారికంటె ఎక్కువ కాలం బ్రతుకుతుంది.

ఈనాడు మన ప్రభుత్వం సుమారు పదేళ్ళకొకసారి జనాభా లెక్కలు సేకరిస్తుంది. 2000లో మన జనాభా సుమారు 11 లక్షల 79 వేలు. 2011లో సుమారు 12 లక్షల 37 వేలు. 2022లో సుమారు 12 లక్షల 35 వేలు. అంటే పెరుగుతూ వచ్చిన జనాభా ఇంచుమించు ఆగిపోయింది. ఎన్ని బడులు కావాలి, ముసలివారికి ఎన్ని ఆసుపత్రులు కావాలి అని ఆలోచించేవారికి ఈ మూడు సంఖ్యలు ఎంతో ముఖ్యం.

2000 జనాభా లెక్కలలో భాషను గురించి రెండు ప్రశ్నలు వేశారు. ఒకటి, మీ పూర్వీకుల భాష ఏది? రెండు, మీ ఇంట్లో సాధారణంగా మాట్లాడే భాష ఏది? మనలో చాలామందికి మొదటి ప్రశ్నకు సమాధానం తెలుగు, రెండవదానికి క్రియోల్. రెండూ నిజమే. ప్రశ్న మారితే సంఖ్య మారుతుంది. కాబట్టి సంఖ్యతోపాటు ప్రశ్నను కూడా చదవాలి.

ఈ సంగతి చెప్పినప్పుడు మా తరగతిలో ఒక అబ్బాయి లేచి, "మాస్టారూ! ఇంట్లో క్రియోల్ మాట్లాడినా తెలుగు అని రాస్తే మన సంఖ్య పెరుగుతుంది కదా?" అని అడిగాడు. వాడికి తెలుగుమీద ఉన్న ప్రేమకు సంతోషించాను. కాని, "ఎర్రకోటలో బియ్యం లెక్క రాసినవారు కూడా ఇలాగే అనుకొన్నారు, నాయనా" అన్నాను. అందరి ఇళ్ళలోనూ తెలుగు మాట్లాడుతున్నారని రాస్తే, పుస్తకాలు రాసేవారు అదే నిజమని నమ్మి కఠినమైన పాఠాలు రాస్తారు. అవి అర్థంకాక పిల్లలు తరగతి మానివేస్తారు. ఎక్కువ చూపిన సంఖ్యే చివరకు మనకు నష్టం చేస్తుంది.

వాడు కాసేపు ఆలోచించి, "అయితే ఈ రోజునుంచి నాయనమ్మతో తెలుగులోనే మాట్లాడతాను. అప్పుడు నిజంగానే రాయవచ్చు" అన్నాడు.

సంఖ్యను పెంచడానికి అంతకంటె మంచి ఉపాయం నాకు తెలియదు.

కొత్త మాటలు

దత్తాంశం: సేకరించిన వివరాలు
మధ్యగతం: వరుసలో నడుమ ఉన్న సంఖ్య
బాహుళకం: ఎక్కువసార్లు వచ్చిన సంఖ్య
అంచనా: తెలిసినదానిని బట్టి తెలియనిదానిని లెక్కకట్టడం
గుత్తేదారు: ఒప్పందం ప్రకారం ఒక పని జరిపించేవాడు, కాంట్రాక్టరు
శిబిరం: చాలామంది తాత్కాలికంగా ఉండే చోటు

ప్రశ్నలు

1. పప్పు రుచి చూసేముందు అమ్మ ఎందుకు కలుపుతుంది? గణాంక శాస్త్రానికి, దీనికి సంబంధమేమి?
2. నాటకం ఉదాహరణలో సగటు ఏ విషయాన్ని దాచింది?
3. నిపుణులు బియ్యం లెక్కను కాక ఉప్పు లెక్కను ఎందుకు నమ్మారు?
4. భాషను గురించిన రెండు ప్రశ్నలకు మీ ఇంటి సమాధానాలు ఏవి?

చేసి చూడండి

వారం రోజులపాటు రోజుకు ఎన్ని నిమిషాలు తెలుగు మాట్లాడారో రాయండి. సగటు, మధ్యగతం కట్టండి. అన్నిటికంటె చిన్న సంఖ్య, పెద్ద సంఖ్య కూడా రాయండి. ఉన్నది ఉన్నట్లు రాయండి. సున్నా వచ్చిన రోజు సున్నాయే రాయండి, మాస్టారు కోప్పడరు.